నీళ్లలో ప్లాస్టిక్ రేణువులు: లెక్క కావాలా, పేరు కావాలా, దాన్నిబట్టే సెన్సర్

మైక్రోప్లాస్టిక్ పట్టుకోవడానికి ఏ ఆప్టికల్ సెన్సర్ మంచిదండీ అని ఎవరైనా అడిగితే నేను ముందు తిరిగి ఒక ప్రశ్న వేస్తాను, మీకు కావాల్సింది లెక్కా, పేరా అని. లెక్క అంటే లీటరు నీళ్లలో ఎన్ని కణాలున్నాయి, ఎంత సైజువి అని. పేరు అంటే ఆ కణం పాలిథినా, పీవీసీయా, నైలానా, లేకపోతే అసలు ప్లాస్టిక్కే కాకుండా ఇసుక రేణువో నాచు ముక్కో అని. కాంతితో కణాల్ని లెక్కపెట్టడం ఎప్పట్నుంచో తేలికే, ఆ కణం ప్లాస్టిక్ అని ఒప్పించడమే కష్టం. పరికరాలన్నీ ఈ రెండిటి మధ్య ఎక్కడో ఒక చోట నిలబడి ఉంటాయి, కొన్ని వేగంగా లెక్కపెడతాయి గానీ పేరు చెప్పలేవు, కొన్ని పేరు కచ్చితంగా చెప్తాయి గానీ ఒక్క ఫిల్టర్‌కే రోజు గడిచిపోతుంది. ఇది తేల్చుకోకుండా బ్రోచర్లు పక్కపక్కన పెట్టుకుని చూస్తే తల తిరగడం తప్ప ఏం తేలదు.

ముందు ఇవి చూస్కోండి

మొదటిది సైజు. 5 మిల్లీమీటర్ల కన్నా చిన్న ప్లాస్టిక్ ముక్కని మైక్రోప్లాస్టిక్ అంటున్నాం, కింద హద్దు మామూలుగా 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకన్నా చిన్నదైతే నానోప్లాస్టిక్. అంటే పై హద్దుకీ కింద హద్దుకీ 5000 రెట్ల తేడా. చీమకీ ఏనుక్కీ ఉన్నంత తేడా అది, రెండిటినీ ఒకే వలతో పట్టాలంటే కుదరదు. ఇంకో సంగతి, 100 మైక్రాన్ల గోళీలాంటి కణం ఒక్కటి విరిగి 1 మైక్రాన్ కణాలైతే పది లక్షలు అవుతాయి. అందుకే ఒకరు లీటరుకి పది అంటారు, ఇంకొకరు లక్ష అంటారు, ఇద్దరూ తప్పు చెప్పకపోవచ్చు, ఇద్దరూ చూసిన సైజు వేరు. ఎవరి రిపోర్ట్ చదివినా ముందు "ఎన్ని మైక్రాన్ల వరకు చూశారు" అన్నది వెతకండి, అది రాయకపోతే ఆ అంకెతో మీకు పని లేదు.

రెండోది ఎంత నీళ్లు చూడాలి అన్నది. ఇది చాలామంది వదిలేస్తారు. ఉదాహరణకి ఒక సెన్సర్‌లో నీళ్లు నిమిషానికి 1 మిల్లీలీటరు చొప్పున పోతున్నాయి అనుకోండి, ఒక లీటరు చూడ్డానికి 1000 నిమిషాలు, అంటే దాదాపు 17 గంటలు పడుతుంది. తాగునీటికి యూరోపియన్ యూనియన్ 2024లో ఇచ్చిన పద్ధతిలో కనీసం 1000 లీటర్లు వడకట్టమన్నారు (వాళ్లు లెక్కలోకి తీసుకునేది 20 మైక్రాన్ల నుంచి 5 మిల్లీమీటర్ల వరకు), ఆ 1000 లీటర్లు మన సెన్సర్‌లోంచి పోవాలంటే రాత్రీ పగలూ నడిపినా దాదాపు రెండేళ్లు! అందుకే శుభ్రంగా ఉండే నీళ్లలో "నేరుగా పైపుకి తగిలించే సెన్సర్" అన్నమాట వినగానే ముందు ఈ గుణకారం చేస్కోండి. కణాలు అరుదుగా ఉన్నప్పుడు ఫిల్టర్ మీద పోగు చేసి చూడ్డం తప్ప దారి లేదు.

మూడోది నీళ్ల మురికి. వడకట్టిన తాగునీరు వేరు, వరద రోజున నది నీళ్లు వేరు, మురుగునీరు ఇంకా వేరు. ఒండ్రుమట్టి, నాచు, కుళ్లిన ఆకులు ఎంత ఎక్కువుంటే కాంతికి అంత అడ్డం, సెన్సర్ కన్నా ముందు శుభ్రం చేసే పనే పెద్దదవుతుంది. నాలుగోది మనుషులు, రోజూ కూర్చుని స్పెక్ట్రం (ఏ రంగు కాంతి ఎంత వచ్చిందో చూపే గీత) చూసే మనిషి ఉన్నారా లేదా. ఇది లేకుండా ఖరీదైన మిషన్ కొని కవర్ కప్పి ఉంచిన ల్యాబ్ నేను చూశాను, చాలా బాధేసింది.

టర్బిడిటీ మీటర్లు, కాంతి చెదిరే సెన్సర్లు

టర్బిడిటీ అంటే నీటి మసక. నీళ్లలోకి కాంతి పంపి, 90 డిగ్రీల పక్కనించి ఎంత చెదిరి వస్తుందో కొలుస్తారు. నీటి శుద్ధి చేసే చోట్ల ఇవి ఎప్పట్నుంచో ఉన్నాయి, గట్టివి, వేగమైనవి, రోజంతా వాటంతట అవే నడుస్తాయి. దీంతోనే ప్లాస్టిక్ కూడా పట్టొచ్చు కదా అనిపిస్తుంది, కానీ పట్టలేం. కాంతి ఎంత చెదురుతుందన్నది కణం సైజు, ఆకారం, వక్రీభవన గుణకం (పదార్థంలోకి వెళ్లేటప్పుడు కాంతి ఎంత వంగుతుందో చెప్పే అంకె) మీద ఆధారపడుతుంది. నీటిది 1.33, పాలిథిన్ది దాదాపు 1.51, ఇసుకలో ఉండే క్వార్ట్జ్‌ది దాదాపు 1.54. పాలిథిన్‌కీ ఇసుకకీ తేడా ఎంతో చూడండి, కాంతికి రెండూ ఇంచుమించు అన్నదమ్ములే. పైగా గాలి బుడగ ఒకటి వస్తే అది ఈ రెండిటికన్నా గట్టిగా మెరుస్తుంది.

దీని వాడకం ఒక్కటే, నీటిలో కణాలు ఒక్కసారిగా పెరిగాయి, శాంపిల్ తీయండి అని చెప్పే అలారంలాగా. అంతకుమించి ఇది ప్లాస్టిక్ మీటర్ అని ఎవరైనా అమ్మితే, సరే, అదే సైజు ఇసుక రేణువుల్ని అదే సంఖ్యలో వేసి ఏం చూపిస్తుందో చూపించండి అనండి. వాళ్ల జవాబుని బట్టి మీకే అర్థమైపోతుంది.

నైల్ రెడ్ రంగు, నీలి కాంతి

నాకు చాలా ఇష్టమైన పద్ధతి ఇది, ఎందుకంటే తక్కువ సామానుతో చేయొచ్చు. నైల్ రెడ్ అనే రంగు నూనె గుణం ఉన్న వాటికి అతుక్కుంటుంది, నీటిలో ఉన్నప్పుడు వెలగదు, ప్లాస్టిక్ మీదికి చేరాక నీలి కాంతి వేస్తే పసుపు, నారింజ రంగుల్లో వెలుగుతుంది. నీలి ఎల్ఈడీ, మధ్యలో నారింజ రంగు ఫిల్టర్, ఒక మైక్రోస్కోప్ లేదా మంచి మాక్రో కెమెరా, అంతే. గదిలో లైట్లు ఆర్పి ఫిల్టర్ పేపర్ మీద నీలి కాంతి వేసినప్పుడు నల్లటి నేపథ్యంలో చుక్కలు ఒక్కొక్కటిగా వెలగడం మొదటిసారి చూసినప్పుడు నాకు కాసేపు మాట రాలేదు. మామూలు కాంతిలో ఆ ఫిల్టర్ ఖాళీగానే కనిపించింది మరి.

అయితే అక్కడే ఆగి లెక్కపెట్టేస్తే తప్పు. ఆకుల మీద ఉండే మైనం వెలుగుతుంది, నాచులోని కొవ్వు వెలుగుతుంది, చిన్న పురుగుల పెంకులు కూడా వెలుగుతాయి. రంగు సరిగ్గా వడకట్టకపోతే ఆ రంగే గడ్డలు కట్టి చుక్కల్లా కనిపిస్తుంది. అందుకే ముందు శాంపిల్‌ని 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో 40 నుంచి 50 డిగ్రీల దగ్గర నానబెట్టి జీవ పదార్థాన్ని కరిగిస్తారు (అది చర్మాన్ని కాల్చేస్తుంది, చేతి తొడుగులు, కళ్లద్దాలు, గాలి లాగే హుడ్ లేకుండా ముట్టుకోవద్దు). ఎక్కువ వేడి చేస్తే నైలాన్‌లాంటివి కూడా పాడవుతాయి కాబట్టి తొందరపడొద్దు. తర్వాత మట్టిని వేరు చేయడానికి ఉప్పు నీళ్లలో తేలుస్తారు, ఇక్కడ ఒక కిటుకుంది. మామూలు ఉప్పు ఎంత కలిపినా నీటి సాంద్రత 1.2 దాటదు, పాలిథిన్, పాలీప్రొపిలీన్, పాలీస్టైరీన్ హాయిగా తేలతాయి గానీ పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్), పీవీసీ 1.38 ఆ పైన ఉంటాయి కాబట్టి మట్టితో పాటే అడుక్కి పోతాయి. వాటిని వదిలేసి "మా నీళ్లలో పీవీసీ లేదు" అని రాసేస్తే అది అబద్ధం కిందే లెక్క. జింక్ క్లోరైడ్ వాడితే 1.5 దాటించొచ్చు, కానీ అది నీటి జీవులకి విషం, వాడాక సింకులో పోయకూడదు.

పెట్, పీవీసీ, నైలాన్ ఈ రంగుతో కూడా మసకగానే వెలుగుతాయి. నల్లటి టైరు రేణువులు దాదాపు వెలగనే వెలగవు. పైగా ఈ పద్ధతి పేరు చెప్పదు. అనుమానం వచ్చిన పెద్ద ముక్కని ఎర్రగా కాల్చిన సూది మొనతో తాకి చూడండి, చాలా ప్లాస్టిక్‌లు ముడుచుకుని సూదికి అంటుకుని సాగుతాయి, పురుగు పెంకు, పీచు అయితే మాడిపోతుంది. పాత పద్ధతే గానీ కళ్లముందు తేలిపోతుంది.

నీళ్లు పారుతుండగానే ఫొటో: ఫ్లో ఇమేజింగ్, హోలోగ్రఫీ

సన్నటి గాజు గొట్టంలోంచి నీళ్లు పంపుతూ ప్రతి కణానికీ ఫొటో తీయడం ఒక పద్ధతి. హోలోగ్రఫీలో లేజర్ కాంతి కణాన్ని దాటి వచ్చాక ఏర్పడే వలయాల నమూనాని రికార్డ్ చేసి కంప్యూటర్‌లో బొమ్మగా మారుస్తారు, ఫోకస్ సరిచేసే పని తర్వాత చేసుకోవచ్చు కాబట్టి ఒక్కసారికి ఎక్కువ నీటిని చూడగలదు. ఆకారం బాగా తెలుస్తుంది, దారమా, పొరా, గుండ్రటి పూసా అని. పోలరైజ్డ్ కాంతి (ఒకే దిశలో కంపించే కాంతి) కూడా జోడిస్తే లాగి తీసిన పాలిస్టర్ దారాల్లాంటివి తేడాగా కనిపిస్తాయి, ఐతే కాల్సైట్ లాంటి ఖనిజాలు కూడా అలాగే మెరుస్తాయి, ఇది మర్చిపోవద్దు.

ఇక ప్లాస్టిక్ అవునా కాదా అన్నది మాత్రం సాఫ్ట్‌వేర్ ఊహ. ల్యాబ్‌లో కొత్త తెల్లటి పూసలతో ట్రైనింగ్ ఇచ్చిన మోడల్, ఎండకి పగుళ్లిచ్చి నాచు పట్టిన ముక్కని చూసి తికమక పడుతుంది. ఎంత కచ్చితత్వం ఉందని వాళ్లు చెప్పే శాతం ఏ నీటి మీద కొలిచారో అడగాల్సిందే. ఒకే చోట ఏళ్ల తరబడి నిఘా పెట్టి, ఆ చోటి శాంపిళ్లతోనే మోడల్‌కి నేర్పించే ఓపికుంటే మాత్రం ఇది చాలా పనికొస్తుంది.

ఎఫ్‌టీఐఆర్

ఇక్కణ్ణుంచి పేర్లు చెప్పే పరికరాలు. మొదటిది ఎఫ్‌టీఐఆర్, అంటే ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ ఇన్‌ఫ్రారెడ్. ఇన్‌ఫ్రారెడ్ కాంతిలో ఏ తరంగాలని కణం మింగేస్తుందో చూసి, ఆ ముద్రని లైబ్రరీలో ఉన్న ముద్రలతో పోలుస్తారు. ప్రపంచమంతా ఎక్కువగా నమ్మేది దీన్నే. మైక్రోస్కోప్ జోడించిన రకాల్లో ఫిల్టర్ మొత్తాన్ని ఆటోమేటిగ్గా స్కాన్ చేసేవి ఉన్నాయి, మనిషి ఒక్కో కణాన్ని ఏరి చూడక్కర్లేదు, ఇదే దీని పెద్ద బలం.

దీని పరిమితులు భౌతికశాస్త్రం పెట్టినవి. ఇన్‌ఫ్రారెడ్ తరంగమే కొన్ని మైక్రాన్ల పొడవుంటుంది కాబట్టి 10, 20 మైక్రాన్ల కన్నా చిన్న కణం మసకబారిపోతుంది. నీరు ఇన్‌ఫ్రారెడ్‌ని గట్టిగా పీల్చుకుంటుంది, అందుకని శాంపిల్ బాగా ఆరాలి, నీళ్లలో ఉండగానే కొలవడం కుదరదు. ఏ ఫిల్టర్ మీద పెట్టారన్నది కూడా ముఖ్యం, అల్యూమినియం ఆక్సైడ్ ఫిల్టర్ వాడితే 1250 వేవ్‌నంబర్ కింద (వేవ్‌నంబర్ అంటే ఒక సెంటీమీటరులో ఎన్ని తరంగాలు పడతాయన్న లెక్క) ఏమీ కనిపించదు, పీవీసీలో క్లోరిన్ బంధం గుర్తు 600 నుంచి 700 మధ్య ఉంటుంది, అంటే అసలు గుర్తే పోతుంది, మిగతా గుర్తులతో సర్దుకోవాలి. సిలికాన్ ఫిల్టర్ అయితే ఈ బాధ తగ్గుతుంది. కార్బన్ ఎక్కువున్న నల్లటి ముక్కలు మొత్తం కాంతిని మింగేసి ఏమీ చెప్పవు.

రామన్

1928లో సి.వి. రామన్ చూపించిన ఆ ఎఫెక్టే ఇది, ఆయనకి 1930లో నోబెల్ తెచ్చింది. లేజర్ వేస్తే చెదిరే కాంతిలో దాదాపు కోటి ఫోటాన్లకి ఒకటి మాత్రం రంగు మార్చుకుని వస్తుంది, ఆ మార్పే పదార్థం పేరు చెప్తుంది. పాలీస్టైరీన్ అయితే 1001 వేవ్‌నంబర్ దగ్గర సూదిలాంటి పీక్ ఇస్తుంది, ఒకసారి చూస్తే మళ్లీ మర్చిపోలేం. లేజర్‌ని బాగా సన్నగా ఫోకస్ చేయొచ్చు కాబట్టి 1 మైక్రాన్ వరకు చూడగలదు, పైగా నీటి సంకేతం బలహీనం కాబట్టి తడి శాంపిల్ అయినా పర్లేదు. ఎఫ్‌టీఐఆర్ చేయలేని రెండు పనులూ ఇది చేస్తుంది.

మరి అందరూ ఇదే ఎందుకు కొనరు అంటే, టైం. ఒక కణానికి 10 సెకన్లు చొప్పున 5000 కణాలు చూడాలంటే దాదాపు 14 గంటలు. తర్వాత ఫ్లోరసెన్స్, నాచు పొర అంటిన కణం మీద లేజర్ పడగానే అది వెలిగి రామన్ సంకేతాన్ని ముంచేస్తుంది. 532 నానోమీటర్ల పచ్చ లేజర్ నుంచి 785కి మారితే ఆ వెలుగు తగ్గుతుంది, కానీ సంకేతం కూడా దాదాపు అయిదో వంతుకి పడిపోతుంది, అంటే ఇంకా ఎక్కువ సేపు కూర్చోవాలి. పవర్ పెంచితే నల్ల ముక్క కళ్లముందే కాలిపోతుంది. ఇంకా నీలిరంగు దారం విషయం చెప్పాలి. నీలి దారం మీద లేజర్ పెడితే స్పెక్ట్రం ఎంతో అందంగా వస్తుంది, లైబ్రరీలో వెతికితే ఫ్తాలోసయనిన్ అని వస్తుంది, అది దారం పేరు కాదు, రంగు పేరు! లోపల పాలిస్టరా, నూలా అన్నది ఆ రంగు కప్పేసింది. ఇలాంటి కణాల్ని "తెలియలేదు" అని విడిగా రాయాలి, ప్లాస్టిక్ ఖాతాలో కలపొద్దు.

నానో సైజు కావాలంటే స్టిమ్యులేటెడ్ రామన్ అని దీనికే వేగమైన రూపం ఉంది. 2024లో కొలంబియా యూనివర్సిటీ వాళ్లు దీంతోనే బాటిల్ నీళ్లలో లీటరుకి సగటున 2,40,000 కణాల్ని లెక్కపెట్టారు, అందులో దాదాపు 90 శాతం నానో. అది రెండు లేజర్లు కలిపి నడిపే పరిశోధన సెటప్, మామూలు ల్యాబ్‌కి అందేది కాదు, కానీ సైజు హద్దు దించితే అంకె ఎలా పేలిపోతుందో చూడ్డానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

నియర్ ఇన్‌ఫ్రారెడ్ హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా (ఫొటోలో ప్రతి చుక్కకీ స్పెక్ట్రం తీసేది) అని ఇంకొకటుంది, పెద్ద ముక్కల్ని (వంద మైక్రాన్లు, ఆ పైన) ట్రే నిండా పరిచి ఒక్క ఊపులో పేర్లు చెప్తుంది. చిన్నవాటికి పనికిరాదు, నల్లవాటికీ పనికిరాదు.

పక్కపక్కన పెడితే

| పద్ధతి | ఎంత చిన్నవి | పేరు చెప్తుందా | నీళ్లలోనే చూడొచ్చా | ఎక్కడ దెబ్బతింటుంది |
|---|---|---|---|---|
| టర్బిడిటీ, స్కాటరింగ్ | మైక్రాన్ కన్నా చిన్నవీ తగులుతాయి | చెప్పదు | అవును | మట్టి, బుడగలు |
| నైల్ రెడ్ | కొన్ని మైక్రాన్లు, కెమెరాని బట్టి | చెప్పదు, అనుమానం మాత్రమే | సాధారణంగా ఫిల్టర్ మీద | నాచు, మైనం, నల్ల రేణువులు |
| ఫ్లో ఇమేజింగ్, హోలోగ్రఫీ | కొన్ని మైక్రాన్లు | ఊహిస్తుంది | అవును | కొత్త రకం నీరు, నాచు పట్టిన ముక్కలు |
| మైక్రో ఎఫ్‌టీఐఆర్ | 10 నుంచి 20 మైక్రాన్లు | గట్టిగా చెప్తుంది | లేదు, ఆరాలి | తడి, నల్లవి, తప్పు ఫిల్టర్ |
| మైక్రో రామన్ | 1 మైక్రాన్ | గట్టిగా చెప్తుంది | కొంతవరకు | టైం, ఫ్లోరసెన్స్, రంగులు |
| హైపర్‌స్పెక్ట్రల్ | వంద మైక్రాన్లు, ఆ పైన | చెప్తుంది | లేదు | చిన్నవి, నల్లవి |

ఎవరికి ఏది

కాలేజీ ప్రాజెక్ట్ చేసేవాళ్లు, నది కోసం పనిచేసే వాలంటీర్లు అయితే నైల్ రెడ్‌తోనే మొదలుపెట్టండి, సందేహమే వద్దు. కానీ ఫలితాన్ని "వెలిగిన కణాలు" అని రాయండి, "మైక్రోప్లాస్టిక్ కణాలు" అని రాయొద్దు. ఆ వెలిగిన వాటిలోంచి ఎటూ మొగ్గకుండా ఓ యాభై, వంద కణాలు తీసి రామన్ ఉన్న ల్యాబ్‌లో చూపించుకుంటే వాటిలో నిజంగా ప్లాస్టిక్ ఎంత వంతో తెలుస్తుంది, అప్పుడు మీ మొత్తం లెక్కకి బలం వస్తుంది. మిషన్ కొనక్కర్లేదు, రెండు రోజులు అడిగి పుచ్చుకుంటే చాలు. స్పెక్ట్రం చేతికొచ్చాక పోల్చుకోడానికి ఓపెన్ స్పెసీ అనే ఉచిత లైబ్రరీ ఉంది.

నీటి శుద్ధి కేంద్రం నడిపేవాళ్ల అవసరం వేరు, వాళ్లకి రోజూ ఒక అంకె కావాలి. ఉన్న టర్బిడిటీ మీటర్‌ని అలారంగా ఉంచుకుని, కొన్ని వారాలకోసారి ఎక్కువ నీళ్లు వడకట్టి ఎఫ్‌టీఐఆర్‌కి పంపడమే నేను చెప్పేది. ప్రతిసారీ ఒకే సైజు హద్దుతో, ఒకే పద్ధతితో కొలిస్తే పెరిగిందా తగ్గిందా అన్నది తెలుస్తుంది. మధ్యలో పద్ధతి మార్చారంటే పాత అంకెలతో పోల్చడం కుదరదు.

పరిశోధన ల్యాబ్ పెడుతూ ఒక్కటే కొనగలం అనేవాళ్లు ఎక్కువ ఇబ్బంది పడేది ఎఫ్‌టీఐఆర్, రామన్ మధ్యే. మీ శాంపిళ్లు ఎక్కువ, మురికివి, 20 మైక్రాన్ల పైవి చాలు అంటే ఎఫ్‌టీఐఆర్. శాంపిళ్లు తక్కువ, శుభ్రమైన నీళ్లు, చిన్న కణాలే అసలు ప్రశ్న అంటే రామన్. ఆరోగ్యం మీద ప్రభావం చూడాలనుకునేవాళ్లు మాత్రం చిన్నవాటినే చూడాలి, కణం ఎంత చిన్నదైతే ఒంట్లో అంత లోపలికి పోగలదు కాబట్టి అక్కడ 20 మైక్రాన్ల దగ్గర ఆగిపోతే అసలు సంగతే చూడనట్టు.

ఏది కొన్నా ఇది తప్పదు

ఖాళీ శాంపిల్, అంటే బ్లాంక్. శుద్ధమైన నీటిని అచ్చంగా శాంపిల్‌లాగే వడకట్టి, అదే గిన్నెల్లో, అదే రోజు చూడాలి. నా మొదటి బ్లాంక్‌లో పదకొండు దారాలు వచ్చాయి, అందులో తొమ్మిది ఒకే ఎరుపు, ఆ రోజు నేను వేసుకున్న స్వెటర్ రంగు. అప్పట్నుంచి ల్యాబ్‌లో నూలు కోటు వేసుకోవడం, గాజు గిన్నెలు వాడటం, ప్రతిదాని మీదా రేకు మూత పెట్టడం ఆపలేదు. ఇంకా తెలివిగా మోసం చేసేవి చేతి తొడుగులు, కొన్నిట్లో తయారీప్పుడు పూసే స్టియరేట్ అనే పదార్థం ఫిల్టర్ మీద అంటుకుంటే దాని ఇన్‌ఫ్రారెడ్, రామన్ ముద్ర పాలిథిన్‌ని పోలి ఉంటుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని పాలిథిన్ అని ధీమాగా చెప్పేస్తుంది. లైబ్రరీలో స్టియరేట్ ముద్ర ఉందో లేదో చూసుకోండి.

డెమోకి వచ్చిన అమ్మకందారుకి వాళ్లు తెచ్చిన శాంపిల్ కాకుండా మీ నీళ్లే ఇవ్వండి, మూడు సీసాలు. ఒకటి బ్లాంక్. రెండోది మీ నీళ్లు. మూడోది మీ నీళ్లలోనే లెక్కపెట్టి కలిపిన ఎర్ర పాలిథిన్ పూసలు వందా, దాదాపు అదే సైజు ఇసుక రేణువులు వందా. ఏ సీసాలో ఏముందో చెప్పకండి. వందలో ఎన్ని పూసలు దొరికాయి, ఇసుకలో ఎన్నిటిని ప్లాస్టిక్ అంది, బ్లాంక్‌లో ఎన్ని చూపించింది, ఈ మూడు అంకెలు కాగితం మీద రాయించుకున్నాకే కొనే మాట మాట్లాడండి.